పథ్యం తప్పని తొమ్మిది రోజులు

పొద్దున లేవగానే మా అవ్వ చేతులు తెరుచుకునేవి కావు. మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలుస్తాం. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, కణుపులు ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉండేవి. నూలుకు పెట్టడానికి కాచిన గంజి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, అందులో మణికట్టు వరకు రెండు చేతులూ ముంచి కూర్చునేది. కాసేపటికి ఒక్కొక్క వేలూ విడేది. ఆ తరువాతే రాట్నం ముందుకు వచ్చేది. కొడకండ్లలో నేతపని ఇళ్ళల్లో ఆడమనిషి చేతులు ఆడకపోతే మగవాడి మగ్గం ఆగిపోతుంది. ఆమె రాట్నం తిప్పి కండెలకు నూలు చుట్టి ఇస్తేనే అది మా బాపు మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పడి బట్ట అవుతుంది.

అది అరవై తొమ్మిది. నేను జనగామలో చుట్టాలింట్లో ఉండి పదో తరగతి చదువుతున్నాను. ప్రత్యేక తెలంగాణ లొల్లి మొదలై బళ్ళు మూతపడ్డాయి. మేమూ నాలుగు రోజులు రోడ్ల మీద జై కొట్టాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. నా గొంతు ఎప్పుడూ అంతే, నిదానం అన్నది నా ఒంట్లో లేదు. బస్సులు సరిగా నడవని ఆ రోజుల్లో ఎట్లాగో ఊరు చేరుకున్నాను. వారం పది రోజులకని వచ్చినదాన్ని రెండేళ్ళు ఉండిపోయాను. బళ్ళు తెరిచేనాటికి అవ్వ తన కొప్పు తాను ముడుచుకోలేని స్థితికి వచ్చింది. రైక ముడి నేనే వెయ్యాలి, తల నేనే దువ్వాలి. వాళ్ళకు నేనొక్కదాన్నే పిల్లను. పొయ్యీ నాదయింది, రాట్నమూ నాదయింది. నాతో చదివిన పిల్లలు పరీక్షలు రాస్తుంటే నేను కండెలు చుట్టాను.

జాలి ఉండేదా అంటే ఉండేది. కానీ జాలి కంటే కోపం ఎక్కువ ఉండేది. ఇప్పుడు దాచుకుని ఏం లాభం? ఆమె కావాలని చేతులు ముడుచుకున్నట్టు కసురుకునేదాన్ని.

"జర లేవరాదే? దినాం గిట్లనే కూసుంటే ఎట్ల?"

"లేస్త బిడ్డా, వేళ్ళు ఇంక విడలే," అనేది. నా మీద ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అదీ నాకు కోపమే తెప్పించేది.

డెబ్బై ఒకటిలో అనుకుంటాను, సైకిల్ మీద ఊళ్ళు తిరిగే డాక్టరు ఒకాయన మా ఊరికి రావడం మొదలుపెట్టాడు. ఆయన ఏం చదివాడో ఎవరూ అడగలేదు. ఎక్కడో దవాఖానలో కాంపౌండరుగా చేసి వచ్చాడని చెప్పుకునేవారు. అవ్వ చేతులు తిప్పి చూశాడు, మోకాళ్ళు నొక్కి చూశాడు. కాగితం పొట్లంలో చిన్నచిన్న తెల్ల గోళీలు కట్టి ఇచ్చాడు. పొట్లం మీద పేరు లేదు, ఊరు లేదు.

"పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. మూడొద్దులల్ల రాట్నం తిప్పకపోతే నన్నడుగు," అన్నాడు.

మూడో రోజు తెల్లవారి నేను రాట్నం చప్పుడుకే మేలుకున్నాను. అవ్వ నాకంటే ముందు లేచి, వాకిలి ఊడ్చి పేడనీళ్ళ సాన్పు చల్లి, గంజి జోలికి పోకుండానే కూర్చుని కండె చుడుతోంది. బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నాడు. అంతటి సంతోషం నా బతుకులో మళ్ళీ కలగలేదు. ఉద్యోగం వచ్చినప్పుడూ కలగలేదు, నా పిల్లలు పుట్టినప్పుడూ కలగలేదు.

ఆ తెల్ల గోళీయే నన్ను మళ్ళీ బడికి పంపింది. పది గట్టెక్కాను, ఇంకా పైకి చదివాను, టీచర్ ట్రైనింగ్ పూర్తి చేశాను. నెల్లికుదురులో సైన్సు టీచరుగా చేరాను. అక్కడే ఒక గది తీసుకుని, శనివారం సాయంత్రం తొర్రూరులో బస్సు మారి ఇంటికి వచ్చేదాన్ని. వచ్చిన ప్రతిసారీ అవ్వ ముఖం ఇంకా గుండ్రంగా, నిండుగా కనిపించేది. బుగ్గలు ఉబ్బాయి, మెడ వెనక కండ పెరిగింది. వాడకట్టు ఆడవాళ్ళు అసూయ పడేవాళ్ళు.

"బిడ్డకు నౌకరి అచ్చినంక నీ మొఖం ఎంత నిండిందే!" అనేవాళ్ళు.

నేను లోలోపల మురిసిపోయేదాన్ని. నేను పెట్టే తిండి అవ్వ ఒంటికి పట్టింది అనుకున్నాను. తలుపు చెక్క తగిలినా ఆమె చేతి మీద చర్మం నల్లగా కమిలిపోయేది. కాళ్ళు సన్నబడ్డాయి, పొట్ట పెరిగింది. ఇవన్నీ చూస్తూనే ఉన్నాను, ఒకదానితో ఒకటి కలుపుకోలేదు. మా దగ్గర లావైతే ఆరోగ్యమే.

తరువాత దాహం మొదలైంది. ఎండాకాలం కాకపోయినా చెంబు పక్కన పెట్టుకుని తాగేది, కాసేపటికోసారి ఒంటికని వాకిట్లోకి లేచేది. బొటనవేలికి ముల్లు గుచ్చుకుంటే నెలరోజులైనా ఆ పుండు మానలేదు. నేనే జనగామ సర్కారు దవాఖానకు తీసుకుపోయాను.

అక్కడ మూత్రంలో నీలం మందు కలిపి మంట మీద వేడి చేశారు. చూస్తుండగానే అది ఇటుక రంగుకు తిరిగింది. ఆ పరీక్ష ఏమిటో నేను బడిలో పిల్లలకు చెప్పేదాన్నే. డాక్టరు నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది, అవ్వకు షుగర్.

డాక్టరు కోస్తా వైపు మనిషి. "ఏమవుతుందమ్మా మీకు?" అని అడిగాడు. అవ్వ, "ఎట్లనో అయితంది సారూ, పానం గుంజుతంది," అంది.

"ఎట్లనో అంటే ఏమిటి? కాస్త తెలుగులో చెప్పమ్మా," అన్నాడాయన. పక్కనున్న కాంపౌండరు పకపకా నవ్వాడు. అవ్వ కూడా ఏం తప్పు మాట్లాడానో తెలియక కొంచెం నవ్వింది.

నా నెత్తురు ఉడికిపోయింది. పదేళ్ళ కింద రోడ్ల మీద ఎందుకు అరిచానో అంతా ఆ ఒక్క నవ్వులో గుర్తుకొచ్చింది. ఆ తరువాత ఆయన చెప్పినదంతా సగం చెవితోనే విన్నాను. పొట్లం విప్పించి గోళీ చేతిలోకి తీసుకున్నాడు. ఎన్నేళ్ళ నుంచి తింటున్నారని అడిగాడు. ఏడేళ్ళని చెబితే కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇది రోగాన్ని నయం చేసే మందు కాదమ్మా, అణిచిపెట్టే మందు. ఇన్నేళ్ళు ఇలా తింటే షుగర్ రాక ఏమొస్తుంది? ఇది మానకపోతే ఆ షుగర్ తగ్గదు," అన్నాడు. షుగరుకు వేరే గోళీలు రాశాడు.

ఆయన 'మెల్లమెల్లగా మానండి' అన్నాడా? అన్నాడేమో. అని ఉంటాడు, డాక్టరు కదా. నేను అప్పుడు ఆ కాంపౌండరు ముఖం వైపు చూస్తున్నాను, వాడికేం జవాబు చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. ఇన్నేళ్ళుగా ఆ గదిలోకి మనసులో ఎన్నిసార్లు వెళ్ళి నిలబడ్డానో లెక్కలేదు. ఎంత విన్నా ఆ మాట వినపడదు, అనలేదని ఒట్టు కూడా పెట్టలేను.

ఇంటికి వచ్చాక రోజూ ఒక పూట గోళీ ఆపి చూశాం. నాలుగు రోజుల్లో మోకాళ్ళు ఉబ్బాయి, గంజి గిన్నె మళ్ళీ వచ్చింది. అవ్వ మళ్ళీ రెండు పూటలా వేసుకుంది. కీళ్ళ నొప్పికి తెల్ల గోళీ, ఆ తెల్ల గోళీ తెచ్చిన షుగరుకు ఇంకో గోళీ. పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టయింది ఆమె బతుకు. ఏడాది తిరిగేసరికి పాదం మీద ఇంకో పుండు లేచింది. దవాఖానకు పోదామని బాపు అంటే నేను ససేమిరా అన్నాను. మా అవ్వ మాటకు నవ్విన గుమ్మం మళ్ళీ తొక్కనన్నాను. ఆ పౌరుషానికి ఖరీదు నేను కట్టలేదు.

బడిలో తోటి టీచరు ఒకామె భూపాలపల్లి దిక్కు అడవిలో ఒక పెద్దాయన చక్కెర రోగానికి ఆకుమందు ఇస్తాడని చెప్పింది. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే అవ్వను తీసుకుని బయలుదేరాను. రెండు బస్సులు మారి, బస్సు దిగాక అడవి దారిలో ఎడ్లబండి మీద పోయాం. అవ్వ దారి పొడవునా పిల్లలాగా చెట్లు చూస్తూ కూర్చుంది. ఆమె అంత దూరం ప్రయాణం చేయడం అదే మొదలు.

పెద్దాయన మోసగాడు కాదు. ఆ మాట చెప్పకపోతే పాపం. ఆయన నాకు ముందు ఒక ఆకు ఇచ్చి నమలమన్నాడు, పొడపత్రి అని పేరు చెప్పాడు. నమిలాను, కాస్త చేదుగా ఉంది. నోరు పుక్కిలించమని చెప్పి చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకుంటే తీపి లేదు. ఇసుక నమిలినట్టుంది. అవ్వకూ అట్లాగే ఇచ్చాడు.

"ఓ యవ్వా! మన్ను దిన్నట్టున్నది బిడ్డా!" అని అవ్వ నోరు మూసుకుని నవ్వింది.

"నాలుక మీది తీపి గింత ఆకుకే సచ్చింది. నలభై దినాలు తింటే నెత్తుట్ల తీపి సావదా?" అన్నాడాయన.

నేను తల ఊపాను. కళ్ళ ముందు ప్రయోగం చేసి చూపిస్తే నమ్మాలని పిల్లలకు చెప్పేదాన్ని కదా. నాలుకా నెత్తురూ ఒకటేనా అని నా ఎనిమిదో తరగతి పిల్ల ఎవరైనా అడిగేది, నాకు మాత్రం తోచలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది నా కోసమే పుట్టిన మాట.

పథ్యం గట్టిది. ఉప్పు, కారం, పులుపు లేని చప్పిడి కూడు. పొద్దున్నే పరగడుపున ఆకు ముద్ద. "ఇంగ్లీషు గోళి ఒక్కటి గూడ లోపటికి పోవద్దు. పోయిందా, ఆకు పనిజెయ్యదు. మొదట్ల వాంతులైతయి, పానం సొలుగుతది. లోపటి ఇసం పోతదన్నట్టు, బుగులు వడొద్దు," అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "తప్పకుంట జూసేటోళ్ళు ఎవరు?" అని అడిగాడు.

"నేను," అన్నాను.

ఇంటికి చేరగానే అన్ని గోళీలూ పోగు చేశాను. గూట్లో ఉన్నవి, బియ్యం కుండ మీద ఉన్నవి, అవ్వ చీర కొంగున కట్టుకున్నవి. షుగరువీ, తెల్లవీ కలిపి గంజి నీళ్ళు పారబోసే మోరీలో పోశాను.

"తెల్లయి రెండుండనియ్యి బిడ్డా," అంది అవ్వ.

"ఒక్కటి గూడ ఉండది. పథ్యమంటె పథ్యమే," అన్నాను.

రెండో రోజుకు కీళ్ళు వాచాయి, అది మేం అనుకున్నదే. మూడో రోజు మంచం దిగలేదు. నాలుగో రోజు వాంతులు మొదలయ్యాయి. చప్పిడి గంజి కూడా నిలవలేదు. పెద్దాయన చెప్పినట్టే జరుగుతోందని నాకు ధైర్యం పెరిగింది, విషం పోతోందనుకున్నాను. ఐదో రోజు ఒళ్ళంతా చల్లటి చెమట, మాట సన్నబడింది. ఎండ దెబ్బ అయి ఉంటుందని వాడకట్టు వాళ్ళు ఉల్లిగడ్డ రసం తెచ్చారు. అది కూడా పథ్యానికి చెరుపేమోనని నేను తాగనివ్వలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం విసనకర్రతో విసురుతుంటే నా చెయ్యి పట్టుకుంది. పట్టులో బలం లేదు.

"గా తెల్లగోళి ఒక్కటి ఇయ్యి బిడ్డా."

"నొప్పి ఓర్సుకోవాలె అవ్వా."

"నొప్పికి గాదే. నొప్పి నాకలవాటే. లోపట దీపం సన్నగైతున్నట్టున్నది. గది ఒక్కటేసుకుంటే నిలవడ్తననిపిస్తంది."

"ఏడెనిమిదేండ్లు గవి తినే గిట్లయితివి! ఇంక బుద్ధి రాలే?" అని అరిచాను. పక్కింటి వాళ్ళు తొంగి చూశారు. ఆమె చెయ్యి తీసేసి గోడ వైపు తిరిగి పడుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి ఊరితో పని పడలేదు, ఇల్లే సరిపోయింది.

తన ఒంటికి ఏం కావాలో ఆమెకు తెలిసింది. ఏ పుస్తకమూ చదవకుండా, డాక్టరు చెప్పకుండా, పేరు లేని ఆ గోళీయే కావాలని ఆమె ఒళ్ళు అడిగింది. నేను ఇవ్వలేదు.

తొమ్మిదో రోజు పొద్దున ఆకు ముద్ద తీసుకుని వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చోబోతోంది. "నీళ్ళు," అంది. నేను చెంబు అందుకునే లోపే పక్కకు ఒరిగింది. నా అరుపు విని బాపు మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి లాక్కుని వచ్చేసరికి అయిపోయింది. ఆకు ముద్ద ఇంకా నా ఎడమ చేతిలోనే ఉంది.

షుగరే తీసుకుపోయిందన్నారు అందరూ. దినాల నాడు వచ్చిన చుట్టాలు నన్ను మెచ్చుకున్నారు కూడా. "బిడ్డ ఒక్క పూట గూడ పథ్యం తప్పనియ్యలే, ఆయుష్షు లేకపాయె," అన్నారు. ఆ మాట నేను తలవంచుకుని తీసుకున్నాను. తీసుకుని ఏడేళ్ళు మోశాను, అదొక మంచి మాటే అనుకుంటూ.

ఎనభైల నడుమ నాకు మానుకోటకు బదిలీ అయింది. అప్పటికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఒక చలికాలం పొద్దున్నే నా వేళ్ళు కూడా విడలేదు. అక్కడి డాక్టరమ్మ మన దిక్కు మనిషే, చిన్న వయసు, ఓపికగా మాట్లాడేది. అవ్వకు కీళ్ళవాతమూ షుగరూ రెండూ ఉండేవని చెప్పాను.

"ఇవి రెండూ ఒకదాని ఎనక ఒకటి అస్తయి టీచరమ్మా. కీళ్ళు వాచినోళ్ళు కదలలేరు, ఆ వాపు గూడ ఒంట్ల చక్కెరను పెంచుతది. దాని మీద మేమిచ్చే మందు ఇంకింత పెంచుతది," అంది. చీటీ మీద ఒక చిన్న గోళీ రాసి, పెన్ను ఎత్తి నా ముఖంలోకి చూసింది. "కొద్దిరోజులకే రాస్తున్న. ఎక్కువ దినాలు తిన్నోళ్ళు దీన్ని ఒక్కసారే ఆపొద్దు. ఒంట్ల పుట్టాల్సిన మందును ఒళ్ళు పుట్టించుడు బంద్ జేస్తది. టక్కున ఆపితే మనిషి దక్కడు."

"దక్కకపోవుడంటే ఎట్లయితది?" అని అడిగాను.

వాంతులు, నీరసం, చల్లటి చెమట, మాట సన్నబడడం. ఆమె చెబుతూ పోయింది. నేను ఒక్కొక్కదాని పక్కన రోజులు వేసుకుంటూ పోయాను. నాలుగో రోజు, ఐదో రోజు, ఆరో రోజు.

"అప్పుడు గదే గోళి ఒకటి ఇస్తే?"

"ఒకటో రెండో ఏసి ఎంబడే దవాఖానకు తెస్తే శానమంది బతుకుతరు," అంది.

ఆ ఆదివారం కొడకండ్లకు పోయాను. బాపు అప్పటికి మగ్గం మానేశాడు, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ నిమ్మళంగా కాలం గడుపుతున్నాడు. నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఒక్కదాన్నే మొయ్యలేకపోయాను. ఆయన నన్ను తిట్టాలని, వీలైతే కొట్టాలని పోయాను. పక్కన కూర్చుని డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. సంపింది నేనే బాపూ అన్నాను.

ఆయన ముఖం వీధి వైపు తిప్పుకున్నాడు.

"ఏడో దినం నీ అవ్వ నన్ను పిల్చింది. నువ్వు బాయి కాడికి నీళ్ళకు పోయినవ్," అన్నాడు. "సైకిల్ డాక్టరు కాడికి పోయి తెల్లగోళి తెమ్మన్నది. బిడ్డకు చెప్పకన్నది. పోయి తెచ్చిన. ధోతి కొంగుకు ముడేసుకున్న. ఆమె పోయేదాంక నా నడుముకే ఉండె."

"మరెందుకియ్యలే బాపు?" అని అడిగాను.

"నీకు తెలిస్తే లొల్లి జేస్తవని. సదువుకున్నదానివి, నీకెర్కనే గదా అనుకున్న," అన్నాడు. ఆ మాటలో నింద లేదు. నా వైపు తిరిగాడు. "ఇచ్చి ఉంటే బతుకునా బిడ్డా?"

తరగతిలో పిల్లలు ఏది అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పేదాన్ని. ఆ జవాబు కూడా నాకు తెలుసు. ఏడేళ్ళు నిమ్మళంగా నిద్రపోయిన మనిషికి అది ఎట్లా చెప్పను?

"ఒక్క గోళితోని ఏమైతుండె బాపు? ఏం గాకపోతుండె," అన్నాను.

"రెండుండె బిడ్డా," అన్నాడు.